దొరసాని కాన్పు

లాండ్రీ అక్క నోటికి జడవని మనిషి ఆ వీధిలో లేడు. మరక పడిన కోటు తెస్తే, "ఇది నిన్నటి మరక కాదు, నెల కిందటిది. ఇన్నాళ్లూ దీన్ని తొడుక్కునే ఊరేగావా?" అని నలుగురి ముందే అడిగేసేది. అయినా జనం ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమెలా మడత పెట్టేవాళ్లు ఇంకొకరు లేరు మరి. తిట్లు తిని, బట్టలు చంకన పెట్టుకుని, మలుపు తిరిగాక నవ్వుకునేవాళ్లు.

దుకాణం వెనకే ఆమె ఇల్లు. ఇస్త్రీ గదికీ వంటింటికీ మధ్యనున్న పొడుగాటి గదిలో పాములుండేవి. ఇస్త్రీ బల్లలకు వెళ్లే ఆవిరి గొట్టం ఆ గది గోడ పక్కనుంచే పోతుంది. అందుకని ఎంత చలిలోనైనా ఆ గది ఎండ తగిలిన గోడలా వెచ్చగా ఉండేది. మనుషులు దుప్పట్లు కప్పుకుని వణుకుతుంటే పాములు దర్జాగా చుట్టలు చుట్టుకుని పడుకునేవి. "మా అక్కకి మనకంటే వాటిమీదే మమకారం" అని తమ్ముడు చిన్నప్పుడు మూతి ముడుచుకునేవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆమె పెంచేవి బోవాలు. కొండచిలువలకి దగ్గరి చుట్టాలు. విషం ఉండదు, పట్టు మాత్రం ఉడుంపట్టే. కొండచిలువ గుడ్లు పెడుతుంది, బోవా అలా కాదు, నేరుగా పిల్లల్నే కంటుంది. సరదాపడి పెంచుకునేవాళ్లకి ఆమె ఆ పిల్లల్ని ఇచ్చేది. ఇచ్చేముందు వాళ్లింటికి వెళ్లి, పాము ఉండబోయే పెట్టెలో చెయ్యి పెట్టి చూసి, వేడి చాలకపోతే "ఇందులో నువ్వే ఓ వారం ఉండి చూడు, తర్వాత మాట్లాడదాం" అని తిరిగొచ్చేది.

ఆ గదిలో అందరికంటే పెద్దది దొరసాని. గోధుమరంగు ఒళ్లు, తోక దగ్గర ఇటుక ఎరుపు మచ్చలు, ఎవరినీ లెక్కచెయ్యని చూపు. కడుపు నిండితే వారాలకు వారాలు కదిలేది కాదు. అక్క దానితో కబుర్లు చెప్పేది. పాములకి చెవులుండవని ఆమెకి తెలుసు. చెవులుండీ వినని మనుషులకంటే నయమని చెప్పేది.

ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. బయటినుంచి ఏ పాము వచ్చినా సరే, ముందు పక్కగదిలో ఉండాలి. పక్కగదంటే మెట్ల కింద గది. దానికి వేరే గిన్నెలు, వేరే పట్టకారు, వేరే చేతిగుడ్డ. కొత్త పాము అక్కడ కొన్ని నెలలుండి, తిని, కుబుసం విడిచి, రోగం రొష్టూ లేవని తేలాకే పొడుగు గదిలోకి రావాలి. పైకి నిగనిగలాడే పాము లోపల ఏం మోసుకొస్తుందో దేవుడికి కూడా తెలియదని ఆమె తమ్ముడికి వెయ్యిసార్లు చెప్పింది.

తమ్ముణ్ణి ఆమే పెంచింది. లిఫ్టులు బాగుచేసే పని నేర్చుకుని, పెళ్లి చేసుకుని, భార్యతో సహా ఆ ఇంట్లోనే ఉండేవాడు. మనిషి మెత్తన. ఒకరోజు ముచ్చటపడి ఎక్కడో ఒక చిన్న బోవాని కొనుక్కొచ్చాడు. పక్కగదిలో దాన్ని ఒంటరిగా పెట్టడానికి మనసొప్పక, ఒక్కపూటేగా అని పొడుగు గదిలో పెట్టాడు. దాని ఒంటిమీద సన్నటి నల్ల పురుగులున్నాయి. పొలుసుల సందుల్లో దూరి రక్తం పీల్చేవి. గదంతా పాకాయి. అక్క ఏడాదిపాటు కళ్లలో పెట్టుకుని సాకిన పిల్లలు రెండు చచ్చిపోయాయి.

చచ్చిన పిల్లల్ని అరచేతిలో పెట్టుకుని ఆమె ఆ మాట అనేసింది.

"నీ చేతిలో ఏదీ బతకదురా!"

ఆమె అన్నది పాముల గురించి. కానీ అంతకు కొన్ని నెలల ముందే తమ్ముడికి నెలలు నిండకుండా కూతురు పుట్టింది. ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంచారు. తమ్ముడు పెట్టె కంతలోంచి చెయ్యి పెట్టి ఆ పిల్ల వేలు పట్టుకుని గంటలు గంటలు నిలబడేవాడు. ఒకరోజు అలా పట్టుకుని ఉండగానే పిల్ల పోయింది.

మాట నోరు దాటాక అక్క నాలుక కరుచుకుంది. గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. ఆమె గిరుక్కున తిరిగి లోపలికెళ్లి బట్టలు సర్దుకుంది. ఆ వారమే ఇద్దరూ ఇల్లు మారిపోయారు. తర్వాత ఎన్నో ఏళ్లు అక్క క్షమాపణ చెబుదామని బయల్దేరడం, వాళ్ల వీధి మొదట్లో ఆగిపోవడం, ఏం మొహం పెట్టుకుని వెళ్లనని వెనక్కి రావడం. ఊరందరినీ కడిగి ఆరేసే మనిషి సొంత తమ్ముడి ముందు నోరు విప్పలేకపోయింది.

అలాంటిది, ఒక సాయంత్రం తమ్ముడే వచ్చాడు.

దుకాణం మూసే వేళ. చేతిలో మూతి కట్టిన గుడ్డసంచి. జుట్టు అక్కడక్కడా నెరిసింది. పని బట్టల మీద గ్రీజు మరకలు. అక్క చూపు ముందు ఆ మరకల మీదికే పోయింది, కానీ ఏమీ అనలేదు.

"నీ మగపాము పోయిందటగా" అన్నాడు తమ్ముడు. "ఎలుకలాయన చెప్పాడు." పాములకి ఎలుకల్ని పెంచి అమ్మే ఆయన్ని అందరూ అలాగే పిలిచేవాళ్లు.

"ముసలిదైపోయింది. పోయింది."

"దొరసాని ఒంటరిగా ఉందని..." సంచి కొంచెం పైకెత్తాడు. "నా దగ్గర ఒకటుంది. నేనే పెంచాను. మంచిది. నీకిష్టమైతేనే."

అక్క సంచి అందుకుంది. తమ్ముడు పాముని తేలేదు, తనని తాను తెచ్చుకున్నాడు. ఆపాటి ఆమెకి అర్థమైంది. సంచి విప్పి చూస్తే మగపాము బలంగా, శుభ్రంగా ఉంది. ఒక్క పురుగు లేదు. కళ్లు మెరుస్తున్నాయి.

ఇప్పుడు దాన్ని పక్కగదిలో పెట్టాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. 'కొన్నాళ్లు మెట్ల కింద ఉంచుదాంరా.' ఎంతసేపు పడుతుంది అనడానికి? కానీ ఏ గొడవ మీద తమ్ముడు వెళ్లిపోయాడో మళ్లీ ఆ గొడవే గుమ్మంలో ఎత్తినట్టవుతుంది. నిన్ను నేను ఇంకా నమ్మడం లేదని మొహం మీద కొట్టినట్టవుతుంది. వాడు నవ్వి "సరే అక్కా" అంటాడు, మళ్లీ రాడు. ఆమె తమ్ముడి మొహంలోకి చూసింది. వాడు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు, దెబ్బ కాచుకునేవాడిలా భుజాలు బిగించి నిలబడ్డాడు.

"లోపలికి తీసుకురా" అంది అక్క. "దొరసాని దగ్గర పెడదాం."

తమ్ముడి భుజాలు కిందికి దిగాయి. అది చూసి అక్క కడుపు చల్లబడింది. జన్మలో ఒక్కసారైనా నోరు అదుపులో పెట్టుకున్నానని తనను తాను మెచ్చుకుంది కూడా.

జోడీ కుదిరింది. కొన్ని వారాల తర్వాత దొరసాని నడుము లావెక్కింది. వెచ్చటి మూల వదలకుండా, పొట్ట పక్కకి తిప్పుకుని పడుకోవడం మొదలుపెట్టింది. మగపాము కూడా ఆ గదిలోనే ఉండిపోయింది. తమ్ముడు పని నుంచి నేరుగా వచ్చేవాడు. ఇద్దరూ నీళ్లు మార్చేవాళ్లు, గదిలో తేమ చూసేవాళ్లు. పాత సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే మంచిదని ఇద్దరికీ ఉంది.

కాన్పు మధ్యాహ్నం పూట వచ్చింది. ఇస్త్రీ బల్ల దగ్గరున్న అక్కకి పచ్చి వాసన తగిలింది. పరుగెత్తి వెళ్లేసరికి దొరసాని పెట్టెలో అటూ ఇటూ పాకుతోంది. దాని వెనక పల్చటి పొరల్లో చుట్టుకుని, తడితడిగా, పిల్లలు. కబురందుకుని తమ్ముడు అరగంటలో వచ్చి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని కూర్చున్నాడు.

ఇరవై దాకా పుట్టాయి. కొన్ని పసుపుపచ్చ ముద్దలే, ప్రాణం పోసుకోనివి. నాలుగు పిల్లలు పొరల్లోనే చచ్చి ఉన్నాయి. మిగిలినవి పొర చీల్చుకుని తలలు బయటపెట్టాయి, బొటనవేలి గోరంత తలలు. చివర ఒకటి మాత్రం పొరలోనే కొట్టుకుంటోంది, చీల్చుకునే ఓపిక లేదు. నూలుపోగులా ఉంది.

తమ్ముడు అక్క వైపు చూశాడు. అడిగే చూపు.

"నువ్వే తియ్యి" అంది అక్క. "మూతి దగ్గర మాత్రమే. బొడ్డు జోలికి పోకు, రక్తం పోతుంది."

వేలి కొసతో పొర చించాడు. పిల్ల నోరు తెరిచి గాలి పీల్చింది. దాని పొట్ట కింద ఇంకా పచ్చసొన తిత్తి వేలాడుతోంది. కడుపులోకి పోవలసినది బయటే ఉండిపోయింది. అది నలిగినా, ఎండి గీరుకున్నా పిల్ల దక్కదు. తమ్ముడు చిన్న డబ్బాలో తడి కాగితం పరిచి, ముడత లేకుండా చదును చేసి, పిల్లని దానిమీదికి జారవిడిచాడు. లిఫ్టు తాళ్లు లాగే ఆ మోటుచేతులు ఎంతో మెత్తగా కదిలాయి.

"నూలుపోగు" అన్నాడు తమ్ముడు. దానికి అదే పేరైంది.

పిల్లల్లో మగపాము తెచ్చినవాడిదే మొదటి ఎంపిక అని పెంపకందార్లలో ఆనవాయితీ. అక్క గుర్తుచేస్తే తమ్ముడు నిగనిగలాడే పిల్లలన్నింటినీ వదిలి ఆ డబ్బా మీద చెయ్యి వేశాడు.

"అది దక్కుతుందో లేదోరా."

"దక్కినా దక్కకపోయినా ఇదే నాది."

రోజూ కాగితం మార్చేవాడు. తిత్తికి అంటుకున్న చోట నీటిచుక్కలు వేసి, నానాక, కాగితాన్ని కొంచెం కొంచెంగా విడదీసేవాడు. ఊపిరి బిగబట్టి చేసేవాడు, అక్క "ముందు నువ్వు ఊపిరి పీల్చరా" అని గదమాయించేది. తిత్తి మెల్లగా లోపలికి ఇంకింది. బొడ్డు ఎండి రాలిపోయింది. పిల్లలు మొదటి కుబుసం విడిచేదాకా తిండి పెట్టకూడదు. నూలుపోగు అందరికంటే ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా విడిచింది. వెంట్రుకలు రాని ఎలుకపిల్లని మూతి దగ్గర పెడితే రెండుసార్లు మొహం తిప్పుకుంది. మూడోసారి పట్టుకుని చుట్టేసింది. అక్కా తమ్ముడూ నోటిమీద చెయ్యి పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా, పిచ్చివాళ్లలా నవ్వుకున్నారు.

తర్వాతి ఆదివారం మరదలు వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత. గుమ్మం దగ్గరే నిలబడింది. తమ్ముడు డబ్బా తెచ్చి చూపించాడు.

"ఇదేనా, మీరు రోజూ చెప్పేది? బతికిందా?"

తమ్ముడు జవాబు చెప్పేలోపే అక్క ముందుకొచ్చింది. "బతికింది" అంది. "మీ ఆయన చేతిలోనే బతికింది. నావల్ల అయ్యేది కాదు."

ఏళ్ల తరబడి అక్క కూడబలుక్కున్న క్షమాపణ అంతే, ఆ మూడు ముక్కలే. మరదలికి అర్థమైంది. చెప్పులు విప్పి లోపలికొచ్చి, డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మళ్లీ వారం వస్తా వదినా" అంది వెళ్లేటప్పుడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చింది. వచ్చీరాగానే నూలుపోగునే అడిగేది.

ఆ సంతోషం రెండు నెలలుంది.

మొదట ఒక పిల్ల తిన్నది కక్కింది. తిన్న వెంటనే చేతిలోకి తీసుకుంటే కక్కక ఏం చేస్తుందని అక్క తమ్ముణ్ణి కసిరింది. మర్నాడు ఇంకోటి కక్కింది. ఒకటి వెల్లకిలా పడి, తిరగబడలేక, తోక కొట్టుకుంటూ ఉండిపోయింది. వేడి ఎక్కువైందేమో, నీళ్లు మారాయేమో అని అక్క తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆ సోమవారం తమ్ముడు డబ్బా మూత తీసి నవ్వాడు. "అక్కా, ఇటు చూడు. లైటు చూస్తోంది!"

నూలుపోగు మెడ వెనక్కి వంచి, మూతి పైకెత్తి, కప్పు వైపు చూస్తోంది. తల సన్నగా ఊగుతోంది. ఆకాశంలో చుక్కలు చూసే మనిషిలా ఉంది. అక్క వేలితో దాని తల కిందికి దించింది. వదలగానే మళ్లీ పైకే పోయింది.

ఆ చూపు ఏమిటో అక్కకి తెలుసు. బోవాలకి వచ్చే ఒక మాయరోగం ఉంది. పెద్దవాటిలో ఏళ్లకేళ్లు ఏ జాడా తెలియకుండా దాక్కుంటుంది. అవి తింటాయి, కుబుసం విడుస్తాయి, జతకూడతాయి, మెరుస్తూ ఉంటాయి. పాముపిల్లల్లో మాత్రం మెదడుకెక్కుతుంది. మందు లేదు. అందుకే పక్కగది. కొత్త పాము పక్కగదిలో ఉన్నప్పుడే పశువుల డాక్టరమ్మ చేత రక్తం తీయించి చూసేది అక్క.

"నవ్వకురా" అంది. "డాక్టరమ్మ దగ్గరికి పోదాం. అన్నింటినీ తీసుకెళ్లాలి. నీ మగదాన్ని, దొరసానిని కూడా."

తమ్ముడి నవ్వు ఆరిపోయింది. లేచి పెట్టెలు దించసాగాడు.

రక్తం తీసి పంపించి, శనివారానికి ఫలితం వచ్చాక డాక్టరమ్మ మళ్లీ పిలిచింది. పెట్టెలన్నీ వేసుకుని ఇద్దరూ వెళ్లారు. మందుల వాసన వేసే చిన్న గది, గోడవారగా రెండు కుర్చీలు. డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. ఆమెకి అక్కంటే గౌరవం, అక్క నోరంటే భయం కూడా. మాటలు వెతుక్కుంటూ చెప్పింది.

"దొరసానికీ ఉంది. మగదానికీ ఉంది. పిల్లలన్నింటిలోనూ కనబడింది. ఇంట్లో ఉంచితే మిగతావాటికి అంటుతుంది. ఇప్పటికే అంటి ఉండొచ్చు, వాటికీ చూడాలి. నేనేం చెప్పబోతున్నానో మీకు తెలుసు."

"తెలుసు" అంది అక్క.

"మగది కొత్తగా వచ్చిందే కదా? పక్కగదిలో ఎన్నాళ్లు ఉంచారు?"

డాక్టరమ్మ కాగితం మీద కలం పెట్టి ఎదురుచూస్తోంది.

"ఉంచలేదండీ" అన్నాడు తమ్ముడు. "ఒక్కరోజు కూడా."

డాక్టరమ్మ అక్క వైపు నమ్మలేనట్టు చూసింది. ఆ నియమం గురించి ఊళ్లో పెంపకందార్లందరికీ పాఠాలు చెప్పింది అక్కే మరి.

"అయితే ఇది నా దాని నుంచే వచ్చిందా?" తమ్ముడు అడిగాడు. గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం నూలుపోగు డబ్బాని గట్టిగా పట్టుకున్నాయి.

"చెప్పలేం. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో ఇప్పుడు తేల్చలేం."

"దొరసాని నుంచే" అంది అక్క గబగబా. "దానికి ఎప్పటినుంచో ఉండి ఉంటుంది. ఈ మధ్య తిండి సరిగ్గా తినేది కాదు, నేనే పట్టించుకోలేదు. నా తప్పేరా. నీది తగిలించుకుంది, అంతే."

దొరసాని ఏనాడూ పెట్టిన ఎలుకని వదల్లేదు. ఆ సంగతి తమ్ముడికి తెలుసు. వాడికే కాదు, ఎలుకలాయనకి కూడా తెలుసు. డాక్టరమ్మ లేచి, నొప్పి తెలియకుండా ప్రాణం తీసే సూదులు సిద్ధం చేసుకొస్తానని లోపలికెళ్లింది. ఇద్దరే మిగిలారు.

"అక్కా" అన్నాడు తమ్ముడు. "ఆ రోజు పక్కగదిలో పెట్టమని ఎందుకు అనలేదు?"

అక్క తల వంచుకుంది. ఎవరికైనా, ఏ ప్రశ్నకైనా క్షణంలో జవాబు చెప్పే మనిషికి ఆ ఒక్క మాట పెకలడానికి ఎంతసేపో పట్టింది.

"వెళ్లిపోతావని."

కోపం రాలేదు తమ్ముడికి. వచ్చి ఉంటే బాగుండునని అక్కకి అనిపించింది.

"బాధపడేవాణ్ణే. అబద్ధమెందుకు చెప్పాలి? బాధపడి, దాన్ని మెట్ల కింద పెట్టి, వచ్చి నీ పక్కన కూర్చుని టీ తాగేవాణ్ణి. నేను వచ్చింది నీకోసం అక్కా. వెళ్లిపోవడానికైతే రావడం ఎందుకు? ఆ మాత్రం మాట కూడా ఓర్చుకోలేనని అనుకున్నావా నన్ను?"

అక్కకి ఏడుపు తన్నుకొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు. జన్మంతా అనకూడని మాటలన్నీ అంది. అనవలసిన మాట ఒక్కటుంటే దాన్ని మింగేసింది. దానికి ఈ పెట్టెలన్నీ ఖాళీ అవుతున్నాయి.

లోపలినుంచి డాక్టరమ్మ పిలిచింది. ముందు పెద్దవాటిని తెమ్మంది. అక్క దొరసాని పెట్టె ఎత్తబోయింది. బరువు ఆమె ఒక్కతి వల్ల కాలేదు, తమ్ముడు రెండోవైపు పట్టాడు. దొరసాని చుట్ట విప్పి, ఎప్పటిలాగే అక్క మణికట్టు మీదుగా పాకి, చల్లగా ఆగింది. అక్క దానితో ఏదో చెప్పింది. తమ్ముడికి వినబడలేదు. ఆ తర్వాత మగపాము. తర్వాత పిల్లలు, ఒక్కొక్కటీ. తమ్ముడు మొహం తిప్పుకోకుండా ప్రతిదాన్నీ తానే అందించాడు.

నూలుపోగుని చివరిదాకా ఇవ్వలేదు. కడపట డబ్బా మూత తీసి, ఆ పిల్లని అరచేతిలో పడుకోబెట్టుకున్నాడు. అది మెడ వంచి కప్పు వైపే చూస్తోంది. పని అయ్యేదాకా అది వాడి చేతిలోనే ఉంది.

ఖాళీ పెట్టెలు బండిలో సర్దుకుని ఇంటికి బయల్దేరారు. దుకాణం ముందు బండి ఆపాక తమ్ముడు దిగకుండా కూర్చున్నాడు.

"రేపు ఆదివారం" అన్నాడు. "తనకింకా ఏమీ చెప్పలేదు, ఈ రాత్రి పని ఉందని ఇంటికి కబురు పెడతాను. పొద్దున్నే తను ఇక్కడికి వస్తుంది. వచ్చీరాగానే దాన్నే అడుగుతుంది. నువ్వే చెప్పక్కా. నావల్ల కాదు."

"చెప్తాను" అంది అక్క.

తెల్లారింది. అక్క దుకాణం తెరవలేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. వీధి మలుపులో మరదలు కనిపించింది, త్వరత్వరగా నడిచొస్తోంది. ఏమని మొదలుపెట్టాలో అక్కకి అప్పటికీ తెలియలేదు.